ఓపిక ఉన్న గంటలే పెట్టుబడి: కీళ్ళవాత బాధితులకు ఇంటిపట్టున ఉపాధి

తెలుగులో ‘ఓపిక’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి సహనం. రెండవది శరీరంలో మిగిలివున్న శక్తి. దీర్ఘకాలిక వ్యాధితో జీవించేవారి నుంచి లోకం మొదటిదాన్ని ధారాళంగా ఆశిస్తుంది, రెండవదాని ఊసు ఎత్తదు. “కొంచెం ఓపిక పట్టండి, అదే తగ్గుతుంది” అని చెప్పేవారు ప్రతి ఇంటా ఉంటారు. “రోజుకు ఎన్ని గంటలు ఓపిక ఉంటోంది? ఆ గంటల్లో ఏ పని చేయగలరు?” అని అడిగేవారు అరుదు. వ్యాధిగ్రస్తుల ఉపాధి గురించి ఆలోచించేటప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదేనని నా దృఢమైన అభిప్రాయం.

ప్రభుత్వ వైద్యుడిగా పదవీ విరమణ చేసి ఏళ్ళు గడిచినా, నన్ను తరచుగా అడిగే ప్రశ్నలలో ఒకదానికి మందులతో సంబంధం లేదు. “డాక్టరుగారూ, ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఏదైనా ఉంటే చెప్పండి” అన్నదే ఆ ప్రశ్న. అడిగేవారిలో ఎక్కువమంది ముప్పై నుంచి యాభై అయిదేళ్ళ మధ్య వయసున్న స్త్రీలు. చదువుకున్నవారు, ఒకప్పుడు ఉద్యోగం చేసినవారు, పిల్లల చదువుల ఖర్చు, తమ మందుల ఖర్చు ఒకేసారి మీద పడినవారు. వారిలో చాలామందికి ఉన్న వ్యాధి కీళ్ళవాతం. అందుచేత ఈ వ్యాసాన్ని ఆ వ్యాధిని ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. లూపస్, మల్టిపుల్ స్క్లెరోసిస్, సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి, వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకునేవారికి కూడా ఇందులో చాలా విషయాలు వర్తిస్తాయి.

ఈ వ్యాధి ఉద్యోగానికి ఎందుకు అడ్డు వస్తుంది?

వయసు మీరినకొద్దీ మోకాళ్ళు అరిగిపోవడం వేరు, కీళ్ళవాతం వేరు. వైద్యపరిభాషలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పిలిచే ఈ వ్యాధిలో, మనల్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. పురుషులలో కంటే స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. వేళ్ళ కణుపులు, మణికట్లు, పాదాల కీళ్ళు సాధారణంగా రెండువైపులా వాస్తాయి. వైద్యం ఆలస్యమైతే కీళ్ళు వంకర తిరుగుతాయి.

ఉద్యోగానికి ఆటంకం కలిగించేవి దీనిలోని మూడు లక్షణాలు. మొదటిది ఉదయపు బిగుసుదనం. నిద్ర లేచాక గంట, గంటన్నర, కొందరికి ఇంకా ఎక్కువసేపు వేళ్ళు ముడవలేరు. చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం, టిఫిన్ డబ్బా మూత బిగించడం కూడా కష్టమే. రెండవది అలసట. ఇది పని చేసినందువల్ల వచ్చే అలసట మాత్రమే కాదు. వ్యాధి రగిలించే వాపు వల్ల, రక్తహీనత వల్ల, నొప్పితో నిద్ర చెడినందువల్ల వచ్చేది. రాత్రి పడుకుని లేచినంత మాత్రాన తీరదు. మూడవది అనిశ్చితి. పది రోజులు బాగా ఉన్న మనిషి పదకొండవ రోజు మంచం దిగలేకపోవచ్చు.

ఉదయం ఎనిమిదింటికి బస్సు ఎక్కి, తొమ్మిదిన్నరకు వేలిముద్ర వేసి, సాయంత్రం దాకా ఒకే కుర్చీలో కూర్చోవలసిన ఉద్యోగానికి ఈ మూడు లక్షణాలూ శత్రువులే. అయితే ఉదయం ఏడింటికి కాఫీ గ్లాసు పట్టుకోలేని చెయ్యి, పదకొండు గంటలకు పద్దుపుస్తకం చక్కగా రాయగలదు. ఆమెలో పనితనం లోపించలేదు, పనివేళలు ఆమె శరీరానికి సరిపోలేదు. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే ఎందరో సమర్థులు ‘పనికిరానివారు’గా ఇళ్ళలో మిగిలిపోతున్నారు.

రాజీనామాకు తొందరపడకండి

ఇంటి నుంచి చేసే పని కోసం వెతికేముందు ఒక వైద్యుడిగా గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. వ్యాధి బయటపడిన తొలి నెలల్లో, నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు, చాలామంది ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తారు. అది జీవితంలో అతి పెద్ద ఆర్థిక నిర్ణయం. దాన్ని అతి బాధలో ఉన్న వారంలో తీసుకోకూడదు.

ఈ వ్యాధికి మూలస్తంభం వంటి మందు మెథోట్రెక్సేట్. దాని ప్రభావం పూర్తిగా కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కీళ్ళవ్యాధుల నిపుణుని పర్యవేక్షణలో తొలి నెలల్లోనే వైద్యం మొదలుపెట్టినవారిలో పలువురు తిరిగి మామూలుగా పనిచేసుకోగలుగుతారు. కాబట్టి మొదట సెలవు పెట్టండి, మందు పనిచేయడానికి వ్యవధి ఇవ్వండి, ఆ తరువాత నిర్ణయించుకోండి. సందర్భం వచ్చింది కనుక మరో హెచ్చరిక. ఈ మాత్ర వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. గర్భం ధరించాలనుకునే స్త్రీలు ముందుగానే వైద్యునితో మాట్లాడాలి.

రాజీనామా ఇస్తే జీతంతోపాటు పోయేవి ఇంకా ఉన్నాయి. ఉద్యోగం ద్వారా వచ్చిన ఆరోగ్య బీమా పోతుంది, వ్యాధి ఉన్నట్టు తేలాక సొంతంగా కొత్త బీమా తీసుకోవడం కష్టమవుతుంది. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారికి, నిబంధనలకు లోబడి, సంవత్సరంలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అస్వస్థత భత్యంగా లభిస్తుంది. రాజీనామా చేసినవారికి ఈ ఆధారం చేజారుతుంది.

ప్రభుత్వ ఉద్యోగులకు మరింత గట్టి రక్షణ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన వ్యక్తిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలి. అటువంటి పోస్టు ఖాళీ లేకపోతే, అది దొరికే వరకో పదవీ విరమణ వయసు వరకో అదనపు పోస్టు సృష్టించి కొనసాగించాలి. ఇంత స్పష్టమైన నిబంధన ఉన్నదని తెలియక స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారు ఉన్నారు.

ఇంటి నుంచి చేసే పని వేరు, వెసులుబాటు ఉన్న పని వేరు

ఉద్యోగం కొనసాగించడం నిజంగానే సాధ్యం కానప్పుడు ఇంటిపట్టున పని వెతుక్కోక తప్పదు. ఇక్కడ చాలామంది రెండు విషయాలను కలగాపులగం చేస్తారు. ఇంట్లో చేసే పని ప్రతిదీ వెసులుబాటు ఉన్న పని కాదు.

ఇంటి నుంచి చేసే కాల్ సెంటర్ పనిని చూడండి. ప్రయాణం తప్పుతుంది, నిజమే. కాని షిఫ్టు గంటలు ఖచ్చితం. చెవికి తగిలించుకున్న హెడ్‌సెట్ తీసి అయిదు నిమిషాలు లేస్తే కంప్యూటర్ లెక్కగడుతుంది. హైదరాబాదులో విస్తరించిన మెడికల్ కోడింగ్ మంచి పనే, కాని కొన్ని సంస్థలు గంటకు ఇన్ని అని లక్ష్యాలు పెడతాయి. వేళ్ళు వాచిన రోజున ఆ లక్ష్యం శిక్ష అవుతుంది. కీళ్ళవాత రోగికి కావలసింది గడువు ఉన్న పని, గడియారం లేని పని. “శుక్రవారం నాటికి ఇవ్వండి” అనే యజమాని కావాలి. “పదింటి నుంచి ఆరింటి దాకా తెర ముందు ఉండండి” అనే యజమాని వల్ల ప్రయోజనం లేదు.

ఇంటిపట్టున ఉపాధి మన ప్రాంతాలకు కొత్త కాదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ప్రాంతాలలో తరతరాలుగా స్త్రీలు ఇళ్ళలో బీడీలు చుడుతున్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చుని చుట్టవచ్చు. పైకి ఎంత వెసులుబాటు! కాని తలవంచి గంటల తరబడి కూర్చోవడం వల్ల మెడ, నడుము, వేళ్ళు దెబ్బతింటాయి, పొగాకు దుమ్ము ఊపిరితిత్తులలోకి పోతుంది.

గోదావరి జిల్లాల్లో నరసాపురం పరిసరాల లేసు అల్లికదీ ఇటువంటి కథే. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లిక దేశదేశాలకు ఎగుమతి అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల శ్రమను పరిశీలించి 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. వారు రోజులో గంటల కొద్దీ అల్లుతున్నా, దాన్ని ‘తీరిక వేళల వ్యాపకం’గా చూడడమే వారి కూలి అంత తక్కువగా ఉండడానికి కారణమని ఆమె నిరూపించారు. ఈనాడు ల్యాపుటాపు ముందు కూర్చున్న రోగికీ ఆ ప్రమాదం ఉంది. “ఇంట్లో ఖాళీగానే ఉన్నారు కదా, ఎంతో కొంత వస్తుంది కదా” అన్న మాటతో మొదలయ్యే ఏ బేరాన్నయినా అనుమానించండి. మీరు ఖాళీగా లేరు. మీకున్న కొద్దిపాటి ఓపికను అమ్ముతున్నారు. తక్కువగా దొరికే సరుకుకు ధర ఎక్కువే ఉండాలి.

ముందుగా ఓపిక పద్దు రాయండి

పని వెతకడానికి ముందు రెండు వారాలపాటు ఒక చిన్న నోటుపుస్తకంలో పద్దు రాయమని నా సలహా. నిద్ర లేచిన సమయం, బిగుసుదనం తగ్గిన సమయం, రెండు గంటలకొకసారి పదికి ఎన్ని మార్కుల ఓపిక ఉన్నదీ, ఏ పని చేశాక నొప్పి పెరిగిందీ, వారపు మాత్ర వేసుకున్న మరునాడు ఎలా ఉన్నదీ రాయండి. ఇందుకు అయిదు నిమిషాలు చాలు.

రెండు వారాలు తిరిగేసరికి మీ శరీరం పనివేళలు మీకే కనిపిస్తాయి. చాలామందికి ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు, మళ్ళీ విశ్రాంతి తరువాత సాయంత్రం ఒక గంట మంచి సమయం. మెథోట్రెక్సేట్ వేసుకున్న మరునాడు కొందరికి వికారం, నీరసం ఉంటాయి. వైద్యుని అడిగి ఆ మాత్రను, పని పెట్టుకోని రోజుకు ముందటి రాత్రికి మార్చుకోవచ్చు.

ఈ పద్దు నేర్పే ముఖ్యమైన పాఠం మరొకటి. బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ ఒక్కసారే చేసి, తరువాత మూడు రోజులు మంచాన పడడం ఈ వ్యాధిగ్రస్తులలో సర్వసాధారణం. మంచి రోజున కూడా కొంత ఓపిక మిగుల్చుకోవాలి. అదేవిధంగా పని ఒప్పుకునేటప్పుడు మంచి వారాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఓ మోస్తరు చెడ్డ వారంలో ఎంత చేయగలరో అంతకే మాట ఇవ్వండి. రెండు రోజుల పనికి నాలుగు రోజుల గడువు అడగండి. ముందే అడిగితే అది ఒప్పందం, గడువు దాటాక అడిగితే అది క్షమాపణ. నమ్మకం నిలిచేది ఒప్పందంలోనే.

ఏ పనులు నప్పుతాయి?

అందరికీ సరిపోయే జాబితా ఎవరూ ఇవ్వలేరు. వ్యాధి ఏ కీళ్ళలో ఉంది, చదువు ఏమిటి, వెనుకటి అనుభవం ఏమిటి అన్నవాటిని బట్టి నిర్ణయించుకోవాలి. నా పరిశీలనలో ఈ కింది పనులు మేలు.

1. పాత అనుభవాన్ని వాడుకునే పని. కొత్త విద్య నేర్చుకోవడానికి కూడా ఓపిక ఖర్చవుతుంది. గుమాస్తాగా చేసినవారు చిన్న దుకాణాల పద్దులు, జీఎస్టీ రిటర్నులు చూడవచ్చు. నెలనెలా రిటర్నులు వేసే దుకాణాలకు గడువులు ముందే తెలుసు, అమ్మకాల వివరాలకు 11వ తేదీ, పన్ను చెల్లింపు రిటర్నుకు 20వ తేదీ. తెలిసిన తేదీకి బాగున్న రోజుల్లోనే ముందుగా సిద్ధం కావచ్చు.

2. బోధన. ఉపాధ్యాయులకు, పట్టభద్రులకు సాయంత్రం వేళ నలుగురైదుగురు పిల్లలకు ఇంట్లోగాని, వీడియో ద్వారాగాని పాఠం చెప్పడం అనువైనది. విదేశాల్లోని తెలుగు కుటుంబాలు పిల్లలకు తెలుగు, సంగీతం నేర్పేవారి కోసం వెతుకుతుంటాయి. వారి సమయానికీ మన సమయానికీ ఉన్న తేడా గమనించి ఒప్పుకోవాలి. ఉదయం ఆరింటి తరగతి కీళ్ళవాత రోగికి తగదు.

3. భాషకు సంబంధించిన పని. అనువాదం, అచ్చుతప్పులు దిద్దడం, వీడియోలకు ఉపశీర్షికలు రాయడం. వేళ్ళు సహకరించనివారికి ఒక వరం వచ్చింది. నేటి ఫోన్లు తెలుగులో చెబుతుంటే అక్షరాలుగా రాస్తాయి. నోటితో చెప్పి, తప్పులు మాత్రం చేత్తో దిద్దుకుంటే శ్రమ బాగా తగ్గుతుంది.

4. గొంతుతో చేసే పని. శ్రవణ పుస్తకాలు, పాఠాల రికార్డింగు. మంచి ఉచ్చారణ ఉన్నవారు ప్రయత్నించవచ్చు.

జాగ్రత్తగా ఆలోచించవలసినవీ ఉన్నాయి. పచ్చళ్ళు, పొడుల వ్యాపారం చాలామందికి మొదట తట్టే ఆలోచన. మామిడికాయలు కొట్టడం, జాడీలు ఎత్తడం, కారం కలపడం వాచిన మణికట్టుకు హాని. కూలికి మనిషిని పెట్టుకుని లెక్కలు, అమ్మకాలు మీరు చూసుకోగలిగితేనే దిగండి. కుట్టుపని కూడా అంతే. కాలితో తొక్కే మిషన్‌కు మోటారు పెట్టించినా, కత్తెర పట్టే వేళ్ళకు విశ్రాంతి ఉండదు.

ఏ పని చేసినా అరగంటకొకసారి లేచి వేళ్ళు, మణికట్లు, మెడ మెల్లగా కదిలించండి. కీబోర్డు మోచేతి ఎత్తులో ఉండాలి. లావాటి పట్టు ఉన్న కలం వాడండి. మణికట్టుకు ఆధారపట్టీ అవసరమా అన్నది ఫిజియోథెరపిస్టును అడగండి. ఫోనులో బొటనవేళ్ళతో గంటల తరబడి టైపు చేయడం మానండి.

మోసగాళ్ళు మొదట వెతికేది మిమ్మల్నే

అవసరం ఎక్కువ, బయటికి వెళ్ళి విచారించే శక్తి తక్కువ. మోసగాళ్ళకు ఇంతకంటే కావలసింది ఏముంది? మూడు రకాల మోసాలు గుర్తుంచుకోండి.

మొదటిది డేటా ఎంట్రీ మోసం. నమోదు రుసుము అని కొంత కట్టించుకుంటారు. పది రోజులు రాత్రింబవళ్ళు టైపు చేశాక “తప్పులు ఎక్కువ ఉన్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం కట్టాలి” అని వకీలు నోటీసు పేరుతో బెదిరిస్తారు. భయపడి డబ్బు కట్టకండి. ఆ కాగితాలు దాచి పోలీసులకు చూపండి.

రెండవది టాస్కుల మోసం. వీడియోలకు లైకులు కొట్టమని, హోటళ్ళకు మంచి రేటింగు ఇవ్వమని చెప్పి మొదట నూటయాభయ్యో రెండువందలో నిజంగానే వేస్తారు. నమ్మకం కుదిరాక, ఎక్కువ సంపాదించాలంటే ముందు కొంత కట్టమంటారు. కట్టిన సొమ్ము తిరిగి రాదు.

మూడవది అన్నిటికంటే ప్రమాదకరం. “మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వండి, కమీషన్ ఇస్తాం” అంటారు. ఇతరులను మోసగించిన సొమ్ము మీ ఖాతా గుండా వెళుతుంది. పోలీసులు మొదట వచ్చేది మీ గుమ్మంలోకే.

సూత్రం ఒక్కటే. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. మోసపోయామని తెలిసిన మరుక్షణం సిగ్గుపడకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ధ్రువపత్రం, పింఛను, రుణం

2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధులు పేరుపేరునా అందులో ఉన్నాయి. కీళ్ళవాతం పేరు లేదు. దాని వల్ల కదలికలు దెబ్బతింటే శారీరక వైకల్యం కింద లెక్కిస్తారు. పింఛనుకు, ఉద్యోగ రిజర్వేషన్లకు 40 శాతం వైకల్యం ఉండాలి. సదరం శిబిరాల పేరు మన రెండు రాష్ట్రాలలో అందరికీ తెలిసిందే. దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డుకూ దరఖాస్తు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో దాన్ని 4,016 రూపాయలకు పెంచారు.

సొంతంగా చిన్న సంస్థ పెట్టుకోదలచినవారు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం గురించి తెలుసుకోవాలి. దివ్యాంగులు ప్రాజెక్టు వ్యయంలో 5 శాతం సొంతంగా పెట్టుకుంటే చాలు, గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం రాయితీ ఉంటుంది. మిగిలినది బ్యాంకు రుణం. అసంఘటిత రంగ కార్మికుల కోసం ఏర్పాటైన ఈ-శ్రమ్‌లో ఇంటి నుంచి పనిచేసేవారు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు.

వైకల్య నిర్ధారణ పద్ధతి మీద నాకొక అభ్యంతరం ఉంది. మోకాలు ఎంత వంగుతుందో కోణమానిని చెబుతుంది. పిడికిలి బలం చేతితో పరీక్షించి చెప్పవచ్చు. కాని పరీక్ష రోజున బాగుండి, మిగతా నెలలో పదిహేను రోజులు మంచాన ఉండేవారి అవస్థ ఆ కొలతల్లో పడదు. ‘చూడడానికి బాగానే ఉన్నారు కదా’ అన్న మాట ఈ రోగులకు వ్యాధి అంత బాధ కలిగిస్తుంది. హెచ్చుతగ్గులు ఉండే వ్యాధులకు ఒక్కరోజు పరీక్ష చాలదు. ఆరు నెలల వైద్య రికార్డును కూడా పరిగణనలోకి తీసుకోవాలి.

కుటుంబ సభ్యులకు ఒక మాట

భార్యో కోడలో ఇంటి నుంచి పని మొదలుపెట్టగానే ఇంట్లోవారు అనుకునేది ఒకటే, “ఇంట్లోనే ఉంది కదా” అని. వచ్చిన చుట్టానికి కాఫీ పెట్టడం, గ్యాసు బండ దింపించుకోవడం, పిల్లవాడిని బడి నుంచి తీసుకురావడం అన్నీ ఆమె మీదే పడతాయి. రోజుకు నాలుగు గంటల ఓపిక ఉన్న మనిషి మూడు గంటలు వంటింట్లోనే ఖర్చు చేస్తే ఉపాధికి మిగిలేది ఏమిటి? ఆమె పనిచేసే గంటల్లో ఇంటి పనులను మరొకరు పంచుకోవాలి. వీలైతే ఒక మూల బల్ల, కుర్చీ, వెలుతురు ఏర్పాటు చేయండి. ఆ రెండు గంటలు ఆమె ఆఫీసులో ఉన్నట్టే భావించండి. భర్తో కొడుకో రోగి అయితే మరో బాధ. “మగవాడు ఇంట్లో కూర్చున్నాడు” అన్న మాట అనకండి, ఇరుగుపొరుగును అననివ్వకండి.

వైద్యులు, యజమానులు, ప్రభుత్వం

మన వైద్యులు ఇచ్చే ధ్రువపత్రాలలో రెండే మాటలుంటాయి, పనికి అర్హులు, లేదా అనర్హులు. ఈ రెంటి నడుమ ఉన్న మనుషులే ఎక్కువ. బ్రిటన్‌లో 2010లో ఈ పద్ధతి మార్చారు. తగిన మార్పులు చేస్తే పని చేయగలరు అని రాసే వీలు కల్పించి, తగ్గించిన గంటలు, మార్చిన విధులు వంటి సూచనలు చేర్చే స్థలం పెట్టారు. మన వైద్యులు అందుకోసం కొత్త చట్టం వచ్చే వరకు ఆగనక్కరలేదు. “ఈమె రోజుకు నాలుగు గంటలు కూర్చుని పని చేయగలరు. ఉదయం పదిన్నర తరువాత అనుకూలం. బరువులు ఎత్తరాదు. అరగంటకొకసారి విరామం అవసరం” అని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెడితే, ఆ కాగితం చేతబట్టుకుని రోగి యజమానితో మాట్లాడగలుగుతుంది. ‘విశ్రాంతి తీసుకోండి’ అన్న ఒక్క మాట కంటే అది గొప్ప మందు. రోగులారా, మీ వైద్యుని అడిగి అటువంటి ఉత్తరం రాయించుకోండి.

యజమానులకు 2020 సంవత్సరాన్ని గుర్తుచేస్తున్నాను. అంతకుముందు ఒక రోగి ఇంటి నుంచి పనిచేస్తానంటే కుదరదన్న సంస్థలు, కోవిడ్ రాగానే కొద్ది రోజుల్లో వేలాదిమందిని ఇళ్ళ నుంచి పనిచేయించాయి. సాంకేతిక అవరోధం లేదని ఆనాడే తేలిపోయింది. ఇప్పుడు అందరినీ ఆఫీసులకు రప్పించుకుంటున్నవారు, వ్యాధిగ్రస్తుల విషయంలో మినహాయింపు ఇవ్వడం దయ అనుకోకూడదు. సహేతుకమైన సర్దుబాటు అన్నది 2016 చట్టంలో ఉన్న మాటే.

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, మహిళలకు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెద్దయెత్తున కల్పించాలన్న ఆలోచనను ప్రకటించారు. స్వాగతించదగిన మాట. అటువంటి ప్రణాళికల్లో దీర్ఘవ్యాధిగ్రస్తులకు ప్రత్యేక స్థానం ఉండాలి. ప్రభుత్వ శాఖల్లోనే పాత రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, తెలుగు అనువాదాలు, దరఖాస్తుల పరిశీలన వంటి గడువు ఆధారిత పనులు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో కొంత భాగం వీరికి కేటాయిస్తే ప్రభుత్వానికి పని జరుగుతుంది, వీరికి గౌరవంగా ఆదాయం వస్తుంది. పింఛను పొందుతున్నవారికి ఈ చిన్న ఆదాయం కారణంగా పింఛను ఆగిపోదన్న హామీ కూడా ఇవ్వాలి. ఆ భయంతోనే పని మానుకునేవారు ఉండకూడదు.

పని మనిషికి అన్నం పెడుతుంది, రోజుకొక ఆకారం ఇస్తుంది, తన వల్ల మరొకరికి అవసరం ఉందన్న ధైర్యం ఇస్తుంది. దీర్ఘవ్యాధి ఈ మూడింటినీ ఒకేసారి లాక్కుంటుంది. రెండు గంటల పని దొరికినా వాటిలో కొంత తిరిగి వస్తుంది. కాబట్టి మీరు రేపటి నుంచి చేయవలసినది ఉద్యోగ ప్రకటనలు వెతకడం కాదు. ఒక నోటుపుస్తకం తీసుకుని, ఉదయం వేళ్ళు ఎన్ని గంటలకు ముడిచారో మొదటి వరుసలో రాయండి.